బొమ్మ రైలు మొరాయిస్తే...

హైటెక్‌ సిటీలో తలమీదుగా దూసుకెళ్లే మెట్రోని చూసి, అలాంటి రైలే పెరట్లో కావాలని పిల్లాడు మారాం చేస్తే? కొనడం తేలికే. ఎండావానల్లో నడపడమే కష్టం!

1968లో జర్మనీలో పుట్టిన ఎల్‌జీబీ తరహా పెరటి రైళ్లకు పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. మన పాత మీటర్‌గేజ్‌ని 22.5 రెట్లు కుదిస్తే వచ్చేది దాదాపు అంతే. కరెంటు పట్టాల్లోంచే వస్తుంది: ఒకటి ప్లస్‌, రెండోది మైనస్‌. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది. ప్లస్‌, మైనస్‌లు తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. గదిలో ఇది భేషుగ్గా పనిచేస్తుంది. మరి ఆరుబయటో? దుమ్ము, ఎండుటాకులు, ఇత్తడి పట్టాలకు పట్టే చిలుము... చక్రానికి కరెంటు సరిగ్గా అందదు. ఆదివారమంతా పట్టాలు తుడవడంతోనే సరి!

దీనికి జవాబు మెట్రోలోనే ఉంది. 2019 మార్చిలో హైటెక్‌ సిటీకి వచ్చిన ఆ రైలు 25 వేల వోల్టుల కరెంటును పై తీగ నుంచి తీసుకుంటుంది. ఎంత వేగంతో, ఎక్కడిదాకా వెళ్లొచ్చన్న ఆదేశాలు మాత్రం రేడియో తరంగాల ద్వారా అందుతాయి. రెండిటికీ దారులు వేరు. పెరటి రైలుకైతే బ్యాటరీని బోగీలోనే దాచి, రిమోట్‌తో నడిపిస్తే చాలు. పట్టాలు మురికైనా పరుగు ఆగదు. ఛార్జింగ్‌ పెట్టడమే కాస్త విసుగు.

పట్టా కరెంటే ముద్దనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్‌ ఇంట్లోనే ఉండాలి. బయటికి వెళ్లేది 24 వోల్టులు దాటని డీసీయే. 230 వోల్టుల వైరు తడి నేలమీదికి రానే కూడదు.