లెక్కల పుస్తకం వెనక పేజీలు
రాసింది నలుగురికీ చూపించడంపై అపోహలు – వాస్తవాలు

చెనిక్కాయల మూటలు, కూలీల బాకీలు రాసుకునే పుస్తకం అది. దాని వెనక పేజీల్లో నా మొదటి కథ ఉండేది. ఎవరైనా గడప తొక్కితే చాలు, పుస్తకం ట్రంకుపెట్టెలోకి పోయేది. అనంతపురం పల్లెల్లో అలాంటి పెట్టెలు ఇంకా ఉంటాయి. వాటి మూత తెరవనివ్వనివి ఎక్కువగా ఈ అపోహలే.

అపోహ: నమ్మకం కుదిరాకే ఎవరికైనా చూపించాలి.

వాస్తవం: కాచుకుని కూర్చుంటే కుదిరే నమ్మకం కాదది. 1978లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఒక వ్యాసం రాశారు. చదువుల్లో, ఉద్యోగాల్లో పేరు తెచ్చుకున్న ఆడవాళ్లు కూడా ‘నాకు నిజానికి అంత తెలివి లేదు, ఏదో ఒకరోజు బయటపడిపోతాను’ అని లోలోపల భయపడుతున్నారని గమనించి, ఆ భయానికి పేరు పెట్టారు. పట్టాలకూ పదవులకూ లొంగని అనుమానం, కథను ఇంకో పదేళ్లు పెట్టెలో మగ్గబెడితే లొంగుతుందా? ముంగారులో పదునైతే మా రైతు గొర్రు కడతాడు. మళ్లీ వాన ఎప్పుడో ఆయనకెవరూ చెప్పలేదు. అనుమానం ఉండగానే విత్తుతాడు.

అపోహ: మన కరువు గోడు ఎవరికి కావాలి?

వాస్తవం: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం ఇది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఎక్కడి కథో వెతుక్కోలేదు. నీళ్లు లేని పెన్ననూ, పూట గడవని పేద దంపతులనూ తీసుకుని ‘పెన్నేటి పాట’ రాశారు. 1956లో అచ్చయిన ఆ కావ్యాన్ని తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. హండే పాలకుల కాలంలో ఇక్కడి జనం బతుకును నవలగా మలిచిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఇంటికి తాళమేసి బెంగళూరు బస్సెక్కే కుటుంబం గురించి, ఆ తాళంచెవి దాచిపెట్టే పక్కింటివాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు?

అపోహ: రాసేవాళ్లు వేరే ఉంటారు. మనవి ఉద్యోగాలు, సంసారాలు.

వాస్తవం: సింగమనేని నారాయణ బడిలో తెలుగు పాఠాలు చెబుతూనే కథలు రాశారు, ‘సీమ కథలు’ సంకలనం తెచ్చారు. ‘పంచమం’ నవల రాసిన చిలుకూరి దేవపుత్ర రెవెన్యూ ఉద్యోగి. రాతకోసం వాళ్లకెవరూ సెలవివ్వలేదు.

అపోహ: మన యాస పుస్తకానికి పనికిరాదు.

వాస్తవం: నారాయణస్వామి నవల ఒకదాని పేరే ‘గద్దలాడతండాయి’. అట్టమీదే మన నాలుక కనిపిస్తుంది. పక్కన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రచయిత నామిని తన ఊరి మాటతోనే పుస్తకాలు నింపారు.

నా భ్రమ వదిలింది మా పెద్దమ్మ దగ్గర. విత్తనానికి కాయలు ఒలుస్తూ కూర్చున్న ఆమెకు ఒకరోజు ధైర్యం చేసి కథ చదివాను. రెండో పేజీలో ‘వర్షాభావ పరిస్థితుల వల్ల’ అన్నచోట ఆమె చెయ్యి ఆగింది.

“యాడిదిరా ఈ వర్షాభావం? మనింట్లో ఎవురన్నా ఆ మాటన్నారా? వాన ముకం సూడలేదని రాయి.”

కొట్టేసి అలాగే రాశాను. నా కథలో అబద్ధంగా ఉన్నది యాస కాదు, నేను పేపర్లోంచి ఎత్తుకొచ్చిన మాట. ఒంటరిగా ఇరవైసార్లు చదివినా అది నాకు కనబడలేదు.

అపోహ: ఒకసారి బయటపెడితే తప్పులు అలాగే ఉండిపోతాయి.

వాస్తవం: గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. జనం చూసి, చదివి మెచ్చుకున్న ఆ నాటకాన్నే ఆయన మళ్లీ పట్టుకుని, దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో వెలువరించారు. మనం ఇవాళ తలకెత్తుకునేది ఆ రెండోదాన్నే. మొదటిది తెచ్చినందుకు గురజాడకు తలవంపులేమీ రాలేదు.

అపోహ: అచ్చులో వస్తేనే పంచుకున్నట్టు.

వాస్తవం: కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించేదాకా వేమన పద్యాలు తాటాకుల మీదా, జనం నాలుకల మీదా బతికాయి. పద్యం చెప్పడానికి ఒక నోరు, వినడానికి ఒక చెవి చాలాయి.

మీరూ ఒక్క చెవితో మొదలుపెట్టండి. పొగడడానికో, నోరు మూయించడానికో వినే మనిషి కాకుండా చూసుకోండి. ‘ఎట్లుంది?’ అని అడిగితే ‘బాగుంది’ అని తప్పించుకుంటారు. ‘యాడ విసుగొచ్చింది? యాడ నమ్మబుద్ధి కాలేదు?’ అని అడగండి. వచ్చిన జవాబులన్నీ పాటించాల్సిన పనీ లేదు. ఇద్దరు ముగ్గురు ఒకేచోట తడబడితే మాత్రం ఆ చోటు మళ్లీ చూసుకోవాలి.

ఆరోజు కథ అయిపోయాక పెద్దమ్మ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. చేటలో పప్పులు చెరుగుతూ, కథలో సంతకు తోలుకుపోయిన ఎద్దును తలుచుకుని అడిగింది:

“ఇంతకీ దాన్ని కొన్నోళ్లు సరిగ్గా మేపినారా?”

ఆ సంగతి నేను రాయలేదు. అన్నేళ్లు దాచుకున్న పెట్టె నన్నెప్పుడూ ఆ మాట అడగలేదు. ఆ రాత్రే పుస్తకం తీసి, బాకీలు రాయని పేజీ ఇంకొకటి వెతుక్కున్నాను.