అగ్గిపెట్టె లేని చలిమంట

ఈ మధ్య మన సంఘం పిల్లలు నన్నొక ప్రశ్న అడిగారు. "అంకుల్, అగ్గిపెట్టె, లైటరు ఏదీ లేకపోతే చలిమంట ఎలా వేస్తారు? రాయీ రాయీ కొడితే నిప్పు వస్తుందట కదా?"

రాదు నాయనా, అన్నాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సైన్సు నాకు తెలియదు. ఈ జవాబు మాత్రం మా నాయన దగ్గర నేర్చుకున్నాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చిన చోటు. అయినా నా చిన్నతనంలో మా పొయ్యి కట్టెలదే. రాత్రి పిడక నిప్పును బూడిదతో కప్పి, తెల్లవారి మా అవ్వ దాన్ని ఊది రాజేసేది. ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్లేది. నివురు గప్పిన నిప్పు మాకు సామెత కాదు, రోజూ చేసే పని.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికే రిటైరయిన మా నాయన బేతమంగళం దగ్గరి మా చిన్న పొలంలో రాగి వేసేవాడు. 2004 డిసెంబరులో కళ్ళం కాపలాకు నేనూ, ఏడేళ్ల మా అబ్బాయీ ఆయనతో వెళ్లాం. కాలువ దాటుతూ నేను జారిపడ్డాను. జేబులో అగ్గిపెట్టె తడిసి ముద్దయింది. చీకటి పడింది, మంచు మొదలైంది. పిల్లవాడు వణుకుతున్నాడు. చుట్టుపక్కల పొలాల్లో ఎవరూ లేరు.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. బీడీ మానేసి ఏళ్లయినా సంచిలోంచి తీయని పాత డబ్బా ఒకటి పైకి తీశాడు. అందులో విరిగిన ఆకురాయి ముక్క, నల్లగా మాడ్చిన నూలుగుడ్డ పేలికలు ఉన్నాయి. గట్టు మీద తెల్ల పలుగురాయి ఏరి, పగలగొట్టి, పదునైన అంచు చూసుకున్నాడు. మా వైపు ఆ రాళ్లకు కొదవలేదు. గనుల్లో బంగారం దొరికిందీ ఆ పలుగురాతి పొరల్లోనే. మాడ్చిన గుడ్డను రాతి అంచు మీద బొటనవేలితో అదిమిపట్టి, ఆకురాయితో ఏటవాలుగా కిందికి కొట్టాడు. పది పదిహేను దెబ్బలకు ఒక రవ్వ గుడ్డ మీద పడి, ఎర్రటి చుక్కయి పాకింది. దాన్ని కొబ్బరిపీచు గూటిలో పెట్టి నోటి దగ్గరకు తీసుకున్నాడు. ఊదబోయి దగ్గాడు. మళ్లీ ప్రయత్నించి మళ్లీ దగ్గాడు.

"నాకు దమ్ము చాలదురా. నువ్వు ఊదు," అని పీచు నా చేతిలో పెట్టాడు. "మెల్లగా. దీపం ఆర్పినట్టు కాదు, బిడ్డ కంట్లో నలుసు ఊదినట్టు."

ఊదాను. తెల్లటి పొగ చిక్కబడి, భగ్గున మంట లేచింది. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం ఆ దగ్గే వినిపిస్తోంది. పలుగురాతి ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. అది నయమయ్యే జబ్బు కాదు. డాక్టరు చెప్పిన ఆ పేరును అంతవరకూ నేను కాగితం మీదే చూశాను. మాకు కూడు పెట్టిందీ, ఆ రాత్రి నిప్పు ఇచ్చిందీ, నాయన ఊపిరిని తినేసిందీ ఆ రాయే.

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాం. రవ్వలు రాతివి కావు, ఉక్కువి. గట్టి రాతి అంచు ఉక్కును గీరినప్పుడు సన్నని పొట్టు లేస్తుంది. గీరిన వేడికి అది గాలిలో మండుతుంది. రెండు పలుగురాళ్లను రాకితే కాస్త వెలుగు కనబడుతుంది గానీ మంట అంటుకోదు. స్టెయిన్‌లెస్ చెంచా పనికిరాదు, పాత ఆకురాయి లాంటి గట్టి ఉక్కు కావాలి. ఇంగ్లండులో జాన్ వాకర్ 1827లో అగ్గిపుల్లలు అమ్మడం మొదలుపెట్టేదాకా లోకమంతా చెకుముకితోనో, యజ్ఞాల్లో అరణి మథించినట్టు కట్టెను కట్టెతో రాపాడించో నిప్పు చేసుకుంది.

అసలు కిటుకు గుడ్డలో ఉంది. చిన్న మూత డబ్బాకు సన్న బెజ్జం పెట్టి, నూలుగుడ్డ ముక్కలు వేసి నిప్పుల మీద ఉంచండి. బెజ్జంలోంచి పొగ ఆగగానే దించి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి. లేకపోతే గుడ్డ బూడిదవుతుంది. పీచు, ఎండుగడ్డి, పుల్లలు ముందే సిద్ధం చేసుకోవాలి. రాతి పెచ్చులు ఎగురుతాయి కనుక కళ్లద్దాలు పెట్టుకోండి. పక్కన బిందెడు నీళ్లు ఉండాలి. పెద్దవాళ్లు లేకుండా పిల్లలు చేయరాదు.

మా నాయన 2009లో పోయాడు. ఆ డబ్బా నా దగ్గరే ఉంది. ఈ డిసెంబరులో మనమంతా కలిసినప్పుడు తెస్తాను. రాయి నేను కొడతాను, ఊదడం మాత్రం పిల్లలే ఊదాలి.