పరాయి ఇంట్లో మన బిడ్డ: విదేశీ మార్పిడి చదువుల మంచిచెడ్డలు

మా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 'బయటి దేశం' అన్న మాటకు రెండే అర్థాలున్నాయి. మొదటిది గల్ఫ్. అన్నో, బావో దుబాయిలోనో రియాద్‌లోనో చెమటోడ్చి పంపిన డబ్బుతో ఇంటి పైకప్పు మారుతుంది, చెల్లెలి నికాహ్ జరుగుతుంది. రెండోది అమెరికా ఎమ్మెస్. దానికి పొలం అమ్మాలి, లేదా బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టాలి. ఈ రెండూ కాని మూడో దారి ఒకటుందని మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. అదే విద్యార్థుల మార్పిడి.

మార్పిడి చదువు అంటే డిగ్రీ కోసం వెళ్ళడం కాదు, సంపాదన కోసం అంతకన్నా కాదు. ఒక దేశపు విద్యార్థి నిర్ణీత గడువు వరకు మరో దేశంలో ఉండి, అక్కడి బడిలో చదివి, అక్కడి మనుషుల మధ్య మెలగి, గడువు తీరగానే స్వదేశానికి తిరిగి రావాలి. పిలిచిన ప్రభుత్వమో, సంస్థో ఖర్చు భరిస్తుంది. వెళ్ళినవాడు అక్కడ నేర్చుకుంటాడు, తన గురించి అక్కడివారికి నేర్పుతాడు. ఇచ్చిపుచ్చుకోవడమే దీని ప్రాణం.

పాలమూరుకు పేరిచ్చిన నవాబు

పరాయి దేశానికి ప్రభుత్వ ఖర్చుతో చదువుకోను పోవడం మన గడ్డకు కొత్త కాదు. పాలమూరు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. ఆ నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతోనే హైదరాబాదుకు చెందిన పదహారేళ్ళ అమ్మాయి 1895లో ఇంగ్లండు వెళ్ళి లండన్‌లోని కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదివింది. ఆ అమ్మాయే సరోజినీ నాయుడు. ముస్లిం పాలకుడు, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబపు బిడ్డ, ఇంగ్లండు చదువు. నూటముప్పై ఏళ్ళ కిందటే ఈ మూడూ ఒకచోట కలిశాయి. పదహారేళ్ళ ఆడపిల్లను సముద్రాలు దాటించడానికి ఆనాడు ఆ తండ్రి జంకలేదు, డబ్బిచ్చిన పాలకుడూ జంకలేదు.

ఇంగ్లండులో ఆమె మొదట ఇంగ్లీషు కవులను అనుకరిస్తూ అక్కడి పూలను, పిట్టలను వర్ణించింది. అది చూసి ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు, అనుకరణ మానేసి నీ దేశాన్ని రాయమని హితవు చెప్పాడు. ఇంటికి వేల మైళ్ళ దూరంలో ఒక పరాయివాడు చెబితే తప్ప తన ఇంటి విలువ ఆమెకు పూర్తిగా తెలిసిరాలేదు. విదేశీ చదువు చేసే మేళ్ళలో ఇదొకటి.

హైదరాబాదు నుండి వెళ్ళినవారు ఇంకా ఉన్నారు. సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ లండన్, పారిస్‌లలో భాషాశాస్త్రం చదివి తిరిగి వచ్చి, 1931లో ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించి దక్కనీ ఉర్దూకు సేవ చేశారు. ఉస్మానియాలో చదువుకున్న డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా బాన్‌లోను, పారిస్‌లోను డాక్టరేట్లు సంపాదించారు. 1948 తర్వాత పారిస్‌లోనే ఉండిపోయి, 1959లో దివ్య ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలో వెలువరించారు. ఒకరు నేర్చినది ఇంటికి తెచ్చారు, మరొకరు ఇంటి నుండి తీసుకువెళ్ళినది పరదేశానికి ఇచ్చారు. మార్పిడికి రెండు వైపులూ ఇవే.

అనుమానం నుండి పుట్టిన పరిచయం

ఈ కాలపు మార్పిడి కార్యక్రమాల్లో ముస్లిం విద్యార్థులకు అన్నిటికన్నా దగ్గరిది కెన్నెడీ - లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ కార్యక్రమం. పొట్టిగా 'యెస్' అంటారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ముస్లిం అన్న పేరు వినగానే అమెరికాలో అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. ఆ సమయంలో ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల చొరవతో 2002 అక్టోబరులో అమెరికా విదేశాంగ శాఖ దీన్ని ఏర్పాటు చేసింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల హైస్కూలు విద్యార్థులు ఒక విద్యా సంవత్సరం అమెరికన్ కుటుంబంతో కలిసి ఉండి, అక్కడి హైస్కూలులో చదవాలన్నది ఏర్పాటు. ఆ దేశాల్లో భారతదేశం కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ గురుకులాల నుండి కూడా పిల్లలు దీనికి ఎంపికైనారు.

దీని వెనుక అమెరికా ప్రయోజనం లేదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉంది. తన గురించి ప్రపంచం మంచిగా అనుకోవాలని ఏ రాజ్యం మాత్రం కోరుకోదు? ఆ సంగతి తెలిసి వెళ్ళాలి. అయితే మన గురించి అక్కడివారు సరిగా తెలుసుకోవడం మన ప్రయోజనం. రెండు ప్రయోజనాలూ ఒకే బండికి రెండు చక్రాలైతే, బండి ఎక్కనని భీష్మించుకోవడం వివేకం కాదు.

ఆ ఇంట్లో ఎలా ఉంటుంది?

తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. విద్యార్థిని ఉంచుకునే కుటుంబానికి ఎవరూ అద్దె ఇవ్వరు. వారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి అన్నం పెట్టి, గది ఇచ్చి, ఇంటి బిడ్డలాగే చూసుకుంటారు. బిడ్డగా చూస్తారు కాబట్టి బిడ్డకుండే పనులూ ఉంటాయి. తిన్న పళ్ళెం కడగాలి, తన గది ఊడ్చుకోవాలి, బయటికి వెళ్తే చెప్పి వెళ్ళాలి. అమ్మ వడ్డిస్తే తిని లేచే అలవాటున్న మన మగపిల్లలకు మొదటి పాఠం అక్కడి వంటింట్లోనే మొదలవుతుంది. ఏ రాష్ట్రం, ఏ ఊరు, ఏ కుటుంబం అన్నది విద్యార్థి ఎంచుకునే వీలు లేదు. మహానగరం రావచ్చు, మొక్కజొన్న చేల మధ్య పల్లె కూడా రావచ్చు. కారు నడపడానికి అనుమతి లేదు.

భోజనం సంగతి ముందే తేల్చుకోవాలి. పంది మాంసం తినమని చెబితే ఆ కుటుంబం అర్థం చేసుకుంటుంది. కాని మిఠాయిల్లోని జెలటిన్ సంగతి చెప్పకపోతే వారికి తోచదు. హలాల్ మాంసం దొరకని ఊళ్ళో గుడ్లు, చేపలు, పప్పులు, కూరగాయలతో ఏడాది గడపడం కష్టమేమీ కాదు. ఇంట్లో కుక్క ఉంటే నమాజుకు శుభ్రమైన చోటు కేటాయించమని మర్యాదగా అడగాలి. బిడియపడి ఊరుకుంటే ఇబ్బంది మనకే.

నమాజు విషయంలో మసలాలు తెలుసుకొని వెళ్ళాలి. ప్రయాణికుడికి ఖసర్ సౌలభ్యం ఉంది కదా అని ఏడాదంతా నమాజును కుదించడానికి వీల్లేదు. హనఫీ మస్లక్ ప్రకారం ఒకచోట పదిహేను రోజులు, అంతకు మించి ఉండాలని సంకల్పించినవాడు పూర్తి నమాజే చేయాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం పగలు చాలా చిన్నది. జొహర్, అసర్, మగ్రిబ్ ఒకదాని వెనుక ఒకటి తరుముకొస్తాయి. శుక్రవారం అక్కడ పనిదినం. బడిలో ఒక ఖాళీ గది అడిగి జొహర్ చేసుకోవచ్చు. ఉపాధ్యాయుడికి కారణం చెప్పి అడగడం కూడా చదువులో భాగమే. రంజాన్ వస్తే మధ్యాహ్న భోజన సమయంలో నువ్వెందుకు తినడం లేదని తోటి పిల్లలు అడుగుతారు. దానికి ఇచ్చే జవాబు పది ఉపన్యాసాల పెట్టు.

ప్రశ్నలు ఇంకా ఉంటాయి. మీ ఇళ్ళల్లో ఏనుగులుంటాయా అని అడిగేవాడు అడుగుతాడు. ముస్లింలంతా బాంబులు వేస్తారా అని అడిగేవాడూ ఉంటాడు. అక్కడ కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోతాడు. ఏటా నవంబరులో జరిగే అంతర్జాతీయ విద్యా వారోత్సవంలో ఈ విద్యార్థులు తమ దేశం గురించి, తమ సంస్కృతి గురించి బడుల్లో వివరిస్తారు. ఆ రోజు పదహారేళ్ళ మన బిడ్డ ఈ దేశంలోని కోట్లాది ముస్లింల తరఫున నిలబడి మాట్లాడతాడు. బతుకమ్మ గురించి అడిగినా, పీర్ల పండుగ గురించి అడిగినా, తాజ్‌మహల్ గురించి అడిగినా జవాబు వాడిదే. పక్కింటి హిందూ మిత్రుడి పండుగ గురించి మంచిగా చెప్పలేనివాడు తన పండుగ గురించి కూడా అక్కడ ఒప్పించలేడు.

హబషా నేర్పిన పాఠం

ముస్లిమేతరుల ఇంట్లో బిడ్డను వదిలితే దీన్ ఏమవుతుందని భయపడే తల్లిదండ్రులను మేము తప్పుపట్టము. అది ఈమాన్ ఉన్న గుండె పడే భయం. అయితే చరిత్ర వైపు ఒకసారి చూడాలి. మక్కాలో హింస భరించలేక క్రీ.శ. 615లో ముస్లింలు మొదటిసారి వలస వెళ్ళింది ఏ ముస్లిం రాజ్యానికీ కాదు, క్రైస్తవ రాజు నజాషీ ఏలుబడిలోని హబషాకు. వారు చదువు కోసం వెళ్ళలేదు, ఆశ్రయం కోసం వెళ్ళారు. ఆ తేడాను మేము మరువలేదు. కాని పరాయి నీడలో ఎలా బతకాలో వారిని చూసే నేర్చుకోవాలి. ఖురైషుల దూతలు వచ్చి వీరిని అప్పగించమన్నప్పుడు హజ్రత్ జాఫర్ (రజి) రాజసభలో నిలబడి తన ధర్మమేమిటో నెమ్మదిగా, సూటిగా వివరించారు. ఆతిథ్యమిచ్చిన రాజును సంతోషపెట్టడానికి హజ్రత్ ఈసా (అ) విషయంలో తన విశ్వాసాన్ని దాచలేదు. అలాగని ఆ రాజును కించపరచనూ లేదు. జాఫర్ (రజి) అక్కడ దాదాపు పుష్కర కాలం ఉన్నారు, దీన్‌తోనే తిరిగి వచ్చారు.

ఇక విద్య సంగతి. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారు మదీనా పిల్లలకు రాయడం నేర్పి విడుదల పొందవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. నిన్న కత్తి దూసినవాడి దగ్గర నేడు అక్షరం నేర్చుకోవడానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ని యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించిందీ ఆయనే. పరాయి భాష వస్తే దీన్ పోతుందనేవారు ఈ రెండు ఉదంతాలను తీరికగా ఆలోచించాలి.

బిడ్డ ఇంట్లో పొందిన తర్బియత్ గట్టిదైతే పరదేశం దాన్ని సానబెడుతుంది. అది పైపై పూతైతే హైదరాబాదు హాస్టలులోనే రాలిపోతుంది. దానికి అమెరికా దాకా పోనక్కరలేదు.

తిరిగి రావడమే అసలు పరీక్ష

ఏడాది గడిచాక పిల్లలు ఊరికి వస్తారు. వీధి ఇరుకనిపిస్తుంది, బడిలో ప్రశ్న అడిగితే కసురుకునే మాస్టరు కొత్తగా కనిపిస్తాడు. ఏడాది వెనుకబడ్డావని బంధువులు ఎత్తిపొడుస్తారు. ఇక్కడ తల్లిదండ్రుల సహనం కావాలి. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో వెళ్ళిన మార్పిడి విద్యార్థి స్వదేశంలో రెండేళ్ళు గడపనిదే అక్కడి ఉద్యోగ వీసాకు గాని, స్థిరనివాసానికి గాని సాధారణంగా అర్హుడు కాడు. కాబట్టి దీన్ని వలసకు అడ్డదారిగా భావించేవారు ఇంటి దగ్గరే ఉండటం మేలు.

దారిలో ఆటంకాలూ ఉంటాయి. 2020 మార్చిలో కరోనా మూలంగా ఈ విద్యార్థులను ఏడాది పూర్తికాకముందే వెనక్కి పంపారు. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ మార్పిడి కార్యక్రమాలకు నిధుల విడుదలను ఆపింది. అదే ఏడాది మే చివర విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు నిలిపి, జూన్‌లో తిరిగి మొదలుపెట్టి, సామాజిక మాధ్యమాల ఖాతాలను కూడా తనిఖీ చేస్తామన్నారు. ఒకే తలుపు మీద ఆశ పెట్టుకోరాదని ఇవి చెబుతున్నాయి.

మనం చేయవలసింది

వేరే తలుపులు ఉన్నాయి. ప్రభుత్వ బడిలో ఆరవ తరగతి పిల్లవాడు కూడా ఇన్‌స్పైర్ - మానక్ పథకానికి తన ఆలోచన పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి పదివేల రూపాయలు ఇస్తారు. జాతీయ స్థాయికి ఎదిగినవారిలో కొందరు సకురా కార్యక్రమం కింద జపాన్ చూసి వచ్చారు. అయితే పిల్లవాడి పేరు పంపవలసింది పాఠశాలే. మా ఉపాధ్యాయ సోదరులు కంప్యూటరు ముందు ఒక గంట కూర్చోకపోతే ఆ పిల్లవాడి దారి అక్కడే మూసుకుపోతుంది. ఉర్దూ చదివిన యువ ఉపాధ్యాయులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో తొమ్మిది నెలలు ఉర్దూ బోధించే అవకాశం ఫుల్‌బ్రైట్ సంస్థ ద్వారా కల్పించబడింది. పీజీ, పిహెచ్‌డీలకు వెళ్ళే మైనారిటీ విద్యార్థుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో విదేశీ విద్యా పథకాన్ని ప్రారంభించింది. దాని కింద గరిష్ఠంగా రూ.20 లక్షల సాయం అందింది. ప్రతి పథకం ఈ ఏడాది నడుస్తున్నదా, గడువు ఎప్పుడు అన్నది అధికారిక ప్రకటనలోనే చూసుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా. ప్రభుత్వ మార్పిడి కార్యక్రమంలో సీటు ఇప్పిస్తానని లక్ష రూపాయలు అడిగేవాడు మోసగాడు. ఎంపిక వ్యాసం, ఇంటర్వ్యూల ద్వారా జరుగుతుంది, డబ్బు ద్వారా కాదు. అందుకే దేవరకొండలోనైనా, నారాయణపేటలోనైనా పిల్లలకు పెట్టుబడి పెట్టదలిస్తే రోజుకు అరగంట ఇంగ్లీషులో మాట్లాడించడమే పెట్టుబడి. ఉర్దూ ఇంటి భాషగా, తెలుగు వీధి భాషగా పెరిగిన మన పిల్లలకు మూడో భాష బరువు కాదు. రెండు భాషల మధ్య రోజూ నడిచే పిల్లవాడికి మూడో గడప ఎత్తుగా కనిపించదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. తరగతిలో ముందుండే అమ్మాయి దరఖాస్తు నింపి, సంతకం కోసం మీ ముందు నిలబడినప్పుడు వెంటనే కాదనవద్దు. కార్యక్రమం నడిపే వారితో మాట్లాడండి. ఆతిథ్యమిచ్చే కుటుంబం వివరాలు అడగండి. వెళ్ళివచ్చిన అమ్మాయిల తల్లులను కలవండి. అన్నీ విచారించాక వద్దనిపిస్తే వద్దనండి, అది మీ హక్కు. విచారించకుండా వద్దనడం మాత్రం ఆ బిడ్డకు అన్యాయం.

మన పిల్లలు ఎక్కడికి వెళ్ళినా ఈమాన్‌ను, మర్యాదను వెంట తీసుకువెళ్ళే భాగ్యాన్ని, ఇంటికి మేలు మోసుకొచ్చే బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.