తుపాకులు దించిన కొండపల్లె

నాగాలాండ్ రాజధాని కోహిమాకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, మెట్లుమెట్లుగా దిగే వరిమళ్లకు ఎగువన ఖోనోమా గ్రామం ఉన్నది. 1879-80లో ఆంగ్లేయ సైన్యాన్ని నెలల తరబడి ఎదిరించి నిలిచిన అంగామీ నాగాల ఊరు అది. తుపాకి అక్కడ పౌరుషానికి గుర్తు. వేట తరతరాల ఆచారం.

ఆ ఆచారమే ఒకనాడు అడవికి ముప్పు తెచ్చింది. 1993లో ఒక్క వారంలోనే వేటగాళ్లు దాదాపు 300 ట్రాగోపాన్ పక్షులను చంపారు. ఎర్రని మెడ, ఒంటిపై తెల్లని చుక్కలు గల ఈ అరుదైన కొండకోడి నాగాలాండ్ రాష్ట్ర పక్షి.

ఊరిలో కొందరు పెద్దలు కలవరపడ్డారు. వేట మానుదామన్న మాటకు తొలుత ఎదురే ఎక్కువ. వేట వారికి ఆహారం, ఆదాయం, గౌరవం కూడా. ఏళ్ల తరబడి చర్చ సాగింది. చివరకు 1998లో గ్రామ మండలి సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. ఊరు తనకు తానే విధించుకొన్న కట్టుబాటు అది. మీరినవారికి జరిమానా తప్పదు.

నిజానికి ప్రకృతిని కాచుకోవడం ఖోనోమాకు కొత్త కాదు. పోడు భూములలో ఆల్డర్ చెట్లను వారు మొదలంటా నరకరు. తల మాత్రం కొట్టి, కొమ్మలను వంటచెరకుగా వాడుకొంటారు. మోడు మళ్లీ చిగురిస్తుంది. వేళ్లపై ఉండే బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి. అందువల్ల కొన్నేళ్ల విశ్రాంతితోనే ఆ పొలం తిరిగి సారవంతమవుతుంది.

తాతలు చెట్టుపై చూపిన దయను మనుమలు పక్షిపై చూపారు.