గాజుతొట్టి రొయ్యలు – నీటి మార్పు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలోని అనేక గృహాలలో రెండు విధాల నీరు వాడుకలో ఉన్నది. ఒకటి 2004లో నాగార్జునసాగర్ నుండి నగరానికి చేరిన కృష్ణా జలం, రెండవది బోరునీరు. మన కంటికి రెండూ ఒకటే. గాజుతొట్టిలో పెరిగే చెర్రీ రొయ్యకు మాత్రం అవి రెండు వేర్వేరు లోకాలు.

నల్లానీటిలోని క్లోరిన్ రొయ్య మొప్పలకు హాని చేస్తుంది. బోరునీటిలో సాధారణంగా లవణాలు అధికం. చుట్టూ ఉన్న నీటిని బట్టి రొయ్య తన దేహంలోని లవణాలను సరిచేసుకొనవలెను. అందుకు వ్యవధి కావాలి. నీరు హఠాత్తుగా మారితే అది అకాలంలో కుబుసం విడిచి మరణించవచ్చు.

కనుక తొట్టి మార్చదలచిన విద్యార్థులకు మేము సూచించే పద్ధతి ఇది. కొత్త తొట్టి నీటిలోని క్లోరిన్‌ను ముందే విరిచి, కొన్ని వారాలు వడపోత నడపవలెను. తరువాత రొయ్యలను పాత నీటితోనే ఒక ప్లాస్టిక్ పాత్రలోనికి తీయవలెను. రాగిపాత్ర కూడదు, రాగి వాటికి విషం. ముడివేసిన సన్నని గొట్టం ద్వారా కొత్త నీటిని క్షణానికి ఒకటి రెండు చుక్కలుగా వదలవలెను. ఒకటి రెండు గంటలలో నీరు మూడింతలైన పిమ్మట, రొయ్యలను మాత్రమే వలతో తీసి కొత్త తొట్టిలో విడువవలెను.

చోటు మారిన ప్రాణి మనలను కోరేది కొంత ఓర్పు. గంటసేపటి ఆ ఓర్పే దానికి ప్రాణభిక్ష.