పొగాకు లేని కాలేజీ ఆవరణ – బోర్డు పెడితే సరిపోతుందా?

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన ఇళ్ళలో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. ఇంటర్ పూర్తయిన బిడ్డను డిగ్రీకో, ఇంజనీరింగుకో, నర్సింగుకో పంపుతాము. డిగ్రీ అయినవారు యూనివర్సిటీలో పి.జి.కి చేరతారు. ఫీజు ఎంత, మెస్సులో భోజనం ఎలా ఉంటుంది, ర్యాగింగ్ ఉందా, ఊరికి నేరుగా బస్సు ఉందా అని పది విషయాలు విచారిస్తాము. "ఈ ఆవరణలో పొగాకు వాడనిస్తారా?" అని మాత్రం అడగము. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో, ఎటువంటి జవాబు రావాలో ఈ సంచికలో వివరిస్తున్నాము.

ఆ వయస్సు ఎందుకు ముఖ్యము?

పొగాకులో నికోటిన్ అనే పదార్థము ఉన్నది. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలోనే అది మెదడుకు చేరుతుంది. కాసేపు హాయిగా అనిపిస్తుంది. దాని ప్రభావము తగ్గగానే చిరాకు, తోచకపోవడం మొదలవుతాయి. ఆ చిరాకు పోవడానికి మరొకటి కావలసి వస్తుంది. "టెన్షన్ తగ్గడానికి తాగుతున్నాను" అని చెప్పే విద్యార్థికి ఆ టెన్షన్‌లో కొంత భాగము సిగరెట్టే తెచ్చిపెట్టిందని తెలియదు.

మనిషి మెదడు సుమారు ఇరవై అయిదేళ్ళ వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందువలన యవ్వనస్థులకు ఈ అలవాటు త్వరగా అంటుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 2012లో విడుదల చేసిన నివేదిక ప్రకారము, ఆ దేశములో రోజూ సిగరెట్ తాగే పెద్దలలో నూటికి 99 మంది 26 ఏళ్ళ లోపే మొదటిసారి తాగినవారు. అంటే ఆ వయస్సు దాటే వరకు బిడ్డను కాపాడుకోగలిగితే ఆ తరువాత అలవాటు పడడం చాలా అరుదు. యూనివర్సిటీలో గడిపే సంవత్సరాలన్నీ దాదాపు ఈ గడువు లోపలే ఉన్నాయి.

మా వార్డులలో నోటి క్యాన్సరుతోనో, ఊపిరితిత్తుల జబ్బుతోనో పడుకున్నవారిని "ఎప్పుడు మొదలుపెట్టారు?" అని అడుగుతుంటాము. "చదువుకునే రోజుల్లో స్నేహితులతో" అనే మాట మాకు బాగా అలవాటైన జవాబు. ఇది కొత్త సంగతి కూడా కాదు. గురజాడవారి కన్యాశుల్కము నాటకములో వెంకటేశానికి గిరీశము చదువు చెప్పిన మాట ఎలా ఉన్నా, చుట్ట కాల్చడం మాత్రం బాగానే నేర్పాడు. వందేళ్ళు దాటినా పెద్దవాడిని చూసి చిన్నవాడు నేర్చుకునే పద్ధతి మారలేదు. చుట్ట బదులు సిగరెట్టు వచ్చింది, అంతే.

పొగ లేకపోవడం వేరు, పొగాకు లేకపోవడం వేరు

కొన్ని కాలేజీలలో "పొగ త్రాగరాదు" అని రాసి ఊరుకుంటారు. అది సగము పనే. కేంద్ర ప్రభుత్వము 2016–17లో చేయించిన సర్వే ప్రకారము, మన దేశములో 15 ఏళ్ళు దాటినవారిలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపములో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7 మంది. ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగ రాని పొగాకు వాడేవారు 21.4 మంది, అంటే పొగ తాగేవారికి రెట్టింపు. కొందరు రెండూ వాడుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వాడేవారు నూటికి 20 మంది, తెలంగాణలో సుమారు 18 మంది అని అదే సర్వే తెలిపింది.

పొగ రాని పొగాకుకు వాసన తక్కువ. తరగతి గదిలో బుగ్గన పెట్టుకున్నా పక్కవారికి తెలియదు. కనుక దీనిని కనిపెట్టడం కష్టము. గుట్కాలో పొగాకుతోపాటు వక్క కూడా ఉంటుంది. వక్క వలన నోటి లోపలి చర్మము గట్టిపడి, క్రమేణా నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. పొగాకు లేని పాన్ మసాలా అయినా ఈ ప్రమాదము తప్పదు.

ఆహార పదార్థాలలో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011లో నిబంధన వచ్చింది. దాని ఆధారముగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గుట్కాను నిషేధించారు. వ్యాపారులు దానికి ఉపాయము కనిపెట్టారు. పాన్ మసాలా ఒక పొట్లములో, పొగాకు మరొక పొట్లములో అమ్మసాగారు. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు.

ఇక ఈ-సిగరెట్, వేప్ అనేవి ఉన్నాయి. చూడడానికి పెన్నులాగా, పెన్ డ్రైవ్‌లాగా ఉంటాయి, పండ్ల వాసన వస్తుంది. వీటిలోనూ సాధారణముగా నికోటిన్ ఉంటుంది. వీటి తయారీని, అమ్మకాన్ని, దిగుమతిని, ప్రకటనలను మన దేశములో 2019 నుండి చట్టము నిషేధించింది. హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ తెలంగాణ శాసనసభ 2024లో చట్టాన్ని సవరించింది. "ఇది సిగరెట్ కాదు కదా" అని బిడ్డ అంటే ఈ సంగతి చెప్పండి.

చట్టములో ఏముంది?

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టము మనకు అండగా ఉన్నది. అందులో విద్యాసంస్థలకు సంబంధించిన ముఖ్య విషయాలు ఇవి:

1. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగరాదు. విద్యాసంస్థలు కూడా ఇందులో చేరతాయి. ఈ నిబంధనలు 2008 అక్టోబరు 2 నుండి మరింత గట్టిగా అమలులోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల వరకు ఉంటుంది.

2. పొగ త్రాగడానికి ప్రత్యేక స్థలము పెట్టుకునే వీలు విమానాశ్రయాలకు, 30 గదులు గల హోటళ్ళకు, 30 మంది కూర్చునే రెస్టారెంట్లకు మాత్రమే ఇచ్చారు. కాలేజీకి ఆ వీలు లేదు.

3. విద్యాసంస్థ ప్రహరీ నుండి 100 గజాల లోపు, అంటే సుమారు 91 మీటర్ల లోపు, ఏ పొగాకు వస్తువూ అమ్మరాదు.

4. 18 ఏళ్ళు నిండనివారికి పొగాకు అమ్మరాదు. డిగ్రీ మొదటి సంవత్సరములో ఇంకా 18 నిండని పిల్లలు చాలామంది ఉంటారు.

బోర్డు ఉన్నా అలవాటు ఎందుకు పోదు?

ఇంత చట్టము ఉన్నా చాలాచోట్ల గేటు బయట పాన్ షాపు అలాగే ఉంటుంది. సిగరెట్లు విడిగా ఒకటొకటి అమ్ముతారు. పెట్టె కొనేంత డబ్బు లేని విద్యార్థి ఒక్కటి కొంటాడు. పెట్టెపై ఉండే క్యాన్సరు బొమ్మ అతని కంట పడదు. టీ తాగడానికి వెళ్ళిన గుంపులో నలుగురు వెలిగిస్తే అయిదవవాడికి వద్దనడం కష్టము.

రెండవ కారణము పెద్దలు. లెక్చరరుగారు స్టాఫ్ రూము వెనుక తాగి వచ్చి విద్యార్థికి జరిమానా రాస్తే ఆ జరిమానాకు విలువ ఉండదు. నియమము వైస్ ఛాన్సలరు నుండి వాచ్‌మన్ వరకు, పరీక్షకు వచ్చే ఇతర కాలేజీవారి నుండి భవనము కట్టే మేస్త్రీ వరకు అందరికీ ఒకటే కావాలి.

మూడవది, అలవాటు ముదిరినవాడికి సహాయము లేకపోవడం. నికోటిన్‌కు లోబడినవాడిని "మానెయ్" అంటే మానలేడు. ఆవరణలో తాగనివ్వకపోతే గోడ దూకి తాగుతాడు. దొరికితే అవమానము, దొరకకపోతే అలవాటు. ఈ రెండింటి మధ్య అతనికి మూడవ దారి చూపించాలి.

పొగాకు లేని ఆవరణ ఎలా ఉంటుంది?

విద్యాసంస్థలను పొగాకు రహితము చేయడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో మార్గదర్శకాలను సవరించి ఇచ్చింది. మీ బిడ్డను చేర్చడానికి వెళ్ళినప్పుడు వాటిలో ఈ విషయాలను మీరే చూడవచ్చును:

• గేటు దగ్గర, లోపల ముఖ్యమైన చోట్ల పొగాకు రహిత ప్రాంతమని బోర్డులు ఉన్నాయా? ఫిర్యాదు ఎవరికి చెప్పాలో వారి పేరు, ఫోను నంబరు రాసి ఉన్నాయా?

• మెట్ల మూలలో ఎర్రటి ఉమ్ము మరకలు, మరుగుదొడ్డి దగ్గర సిగరెట్ పీకలు, చిరిగిన పొట్లాలు ఉన్నాయా? బోర్డు కంటే ఇవే నిజము చెబుతాయి.

• ప్రహరీ చుట్టూ 100 గజాల హద్దు గుర్తించారా? ఆ లోపల దుకాణాలలో పొగాకు అమ్మకము లేదా?

• కాలేజీ నియమావళిలో పొగాకు వాడరాదనే నియమము ఉందా?

• ఆరు నెలలలో ఒకసారైనా ఈ విషయముపై అవగాహన కార్యక్రమము జరుపుతున్నారా?

వీటికి తోడు మేము మరొకటి చేర్చుతాము: మానదలచినవారిని ఎవరి దగ్గరకు పంపుతారు? ఆవరణలోని ఆరోగ్య కేంద్రములో ఒక నర్సుకు ఈ పని అప్పగించినా మేలే.

ఇది జరగని పని కాదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన ఆవరణలన్నిటినీ 2014 జనవరి నాటికి పొగాకు రహితము చేసింది. నమిలే పొగాకు, ఈ-సిగరెట్ కూడా ఆ నియమములో ఉన్నాయి. మన పిల్లలు అక్కడికి వెళ్ళి ఆ నియమాన్ని పాటించగలిగినప్పుడు ఇక్కడ కూడా పాటించగలరు.

మానదలచిన విద్యార్థికి కొన్ని సూచనలు

మానే తేదీ ఒకటి నిర్ణయించుకుని గదిలోని స్నేహితులకు చెప్పండి. పరీక్షల వారము కాకుండా చూసుకోండి. మానిన మొదటి రెండు, మూడు రోజులు కష్టముగా ఉంటాయి. చిరాకు, నిద్ర సరిగా పట్టకపోవడం, ఆకలి పెరగడం సహజము. ఇవి సాధారణముగా రెండు నుండి నాలుగు వారాలలో తగ్గుతాయి.

తాగాలనే కోరిక వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించాలి: ఆగండి, నిదానముగా గాలి పీల్చి వదలండి, గ్లాసు నీళ్ళు తాగండి, లేచి వేరే పని చూసుకోండి.

నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. వైద్యుని సలహాతో వాడితే మంచిది. దానిని మామూలు గమ్‌లాగా ఊరికే నమలకూడదు. కొద్దిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చెంపకు, చిగురుకు మధ్య ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. వాడే ముందు పావుగంట టీ, కాఫీ తాగకండి. అవి మందు పనిని తగ్గిస్తాయి.

1800 11 2356 అనే జాతీయ నంబరుకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. పొగాకు పెట్టెలపై ఈ నంబరు ముద్రించాలని 2018లో నియమము చేశారు. మళ్ళీ ఒకసారి తాగినా అంతా పోయిందని అనుకోవద్దు. చాలామంది రెండు, మూడు ప్రయత్నాల తరువాతే పూర్తిగా మానగలుగుతారు.

సిగరెట్ మానిన ఇరవై నిమిషాలలో గుండె వేగము తగ్గుతుంది. పన్నెండు గంటలలో రక్తములోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాది గడిచేసరికి గుండెపోటు ప్రమాదము తాగేవారితో పోలిస్తే సగానికి తగ్గుతుంది.

తలిదండ్రులకు మా మనవి

"నువ్వు తాగుతున్నావా?" అని ఒక్కసారిగా నిలదీస్తే బిడ్డ "లేదు" అనే అంటాడు. "నాన్నా, సాయంత్రం మీరంతా ఎక్కడ కూర్చుంటారు? అక్కడ ఎవరైనా తాగుతారా?" అని అడగండి. అలా అడిగితే మాట కలుస్తుంది. ఆడపిల్లలతో కూడా ఈ మాట మాట్లాడండి. మన ఉత్తర కోస్తాలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఎక్కువగా ఆడవారిలోనే ఉన్నది కదా!

ఇంట్లో నాన్నగారో, తాతగారో బీడీ కాలుస్తుంటే బిడ్డ సెలవులకు వచ్చే రోజును మానడానికి మొదటి రోజుగా పెట్టుకోండి. మాటకంటే ఆ పని ఎక్కువ నేర్పుతుంది.

నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మూడు వేళ్ళు పట్టేంతగా నోరు తెరుచుకోకపోవడం – వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఊరుకోక వెంటనే చూపించండి. తొలి దశలో ఈ మచ్చలకు నొప్పి ఉండకపోవచ్చును. అప్పుడు కనిపెట్టినవాటికి చికిత్స సులువు.

కాలేజీలో తలిదండ్రుల సమావేశము జరిగినప్పుడు ఎవరో ఒకరు లేచి గేటు బయటి దుకాణము సంగతి అడగండి. ఒక్కరు అడిగితే ప్రిన్సిపాలుగారు "చూద్దాము" అంటారు. పదిమంది అడిగితే రాతపూర్వకముగా ఫిర్యాదు పంపుతారు. ఫీజు కట్టేది మనము, బిడ్డను అప్పగించేది మనము, అడిగే హక్కు కూడా మనదే.