పాత టిల్లరు మరల తిరుగునా?

దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన పిమ్మట గోదావరి డెల్టా గ్రామములలో కొన్ని వారములపాటు పొలము పని సన్నగిల్లును. ఆ ఎండదినములలో ఏ గ్రామమునకు పోయినను, పశువుల సావిడి ప్రక్కనో, కొబ్బరిచెట్టు మొదటనో, రెండు కొమ్ములవలె పిడులు చాచుకొని తుప్పుపట్టి నిలిచియున్న యంత్రమొకటి కంటబడుచుండును. దానిపై కోళ్లు నిదురించును. పిల్లలు ఆ పిడులు పట్టుకొని నోటితో ఇంజను చప్పుడు చేయుచు ఆడుకొందురు. అది ఒకనాడు ఆ ఇంటి పొలమంతయు దమ్ము చేసిన పవర్ టిల్లరు. పాత ఇనుము కొనువాడు వీధిలోనికి వచ్చిన ప్రతిసారి ఇంటివారు దానివైపు ఒకసారి చూచి, అమ్ముదమా, మానుదమా అని తర్కించుకొందురు.

అట్టి యంత్రమును విప్పి, శుభ్రపరచి, మరల నడిపించుట ఒక చక్కని వ్యాపకము. పాశ్చాత్య దేశములలో దీనికి చాలా ప్రచారము కలదు. అచ్చట పెరటితోటలు దున్నుటకు, గడ్డి కోయుటకు చేసిన చిన్న యంత్రములను గార్డెన్ ట్రాక్టర్లు అందురు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున డన్‌బార్ పట్టణవాసియగు బెంజమిన్ గ్రేవ్‌లీ తన మోటారు నాగలికి 1916లో పేటెంటు పొందెను. ఆయన వృత్తి ఫోటోగ్రఫీ. నాగలితో సంబంధము లేనివాడు నాగలిని బాగుచేయుట వింతగా తోచవచ్చును గాని, తన తోటను తానే దున్నుకొనువానికి ఆ కష్టము తెలిసినంతగా మరొకరికి తెలియదు కదా! ఆస్ట్రేలియాలో ఆర్థర్ హోవర్డు తిరుగుడు కత్తులతో నేలను గుల్లపరచు యంత్రమును రూపొందించి, 1922లో దాని తయారీకి కంపెనీ స్థాపించెను. నేటి రొటవేటరుకు అది పూర్వీకురాలు. ఆ కాలపు యంత్రములను నేడు పదవీవిరమణ చేసినవారు, కుర్రవారు కూడ షెడ్డులలో విప్పుకొని ఆనందించుచున్నారు.

మన డెల్టాలో గార్డెన్ ట్రాక్టరుకు సరియగు బంధువు టిల్లరే. దీనిని వరిపొలమునకు అనువుగా తీర్చినవారు జపానువారు. చిన్న మడులు, లోతైన బురద వారికిని మనకును సమానమే. బెంగళూరులోని వి.ఎస్.టి. కంపెనీ 1967లో స్థాపింపబడి, మిత్సుబిషి వారి సహకారముతో టిల్లర్లు తయారు చేసినది. కేరళ ప్రభుత్వ సంస్థయగు కామ్‌కో 1973లో ఏర్పడి, కుబోటా వారి పద్ధతిలో తయారీ సాగించినది. అంతకు కొలది సంవత్సరములు ముందు, 1960-61లో, పశ్చిమ గోదావరి జిల్లా దేశమున ప్యాకేజీ పథకము అమలైన తొలి ఏడు జిల్లాలలో ఒకటిగా ఎన్నుకొనబడినది. విత్తనము, ఎరువు, ఋణము ఒక్కచోట చేకూరిన పిమ్మట రైతు దృష్టి పనిముట్లపై పడుట సహజము. టిల్లరు తేలిక గనుక బురదలో దిగబడదు. కొబ్బరితోటలో చెట్ల నడుమ తిరుగును. కాలక్రమమున పెద్ద ట్రాక్టరుకు ఇనుప చక్రములు తగిలించి అద్దెకు దమ్ము చేయించుట హెచ్చి, పాత టిల్లర్లు అనేకము మూలబడినవి.

ఇక పనిలోనికి దిగుదము. మూలబడిన యంత్రము దొరకగానే చాలమంది చేయు మొదటి తప్పు హ్యాండిలు తగిలించి బలముగా త్రిప్పుట. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనులో పిస్టను సిలిండరు గోడకు తుప్పుతో అంటుకొనియుండవచ్చును. బలవంతము చేసినచో రింగులు విరుగును. వరదనీరు త్రాగిన ఇంజనైనచో ప్రమాదము మరింత ఎక్కువ. గాలి నొక్కిన కొలది కుదించుకొనును గాని నీరు కుదించుకొనదు. పిస్టను పైకి వచ్చునప్పుడు నీటికి పోవు దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. 1986 ఆగస్టు గోదావరి వరదవంటి వరదలో మునిగిన యంత్రమును ఎండలో ఒకపూట ఆరబెట్టి త్రిప్పవచ్చునని తలచుట పొరపాటు. లోపలి నీరు ఎండకు ఆరదు.

కావున మొదట అన్ని నూనెలను క్రింది బిరడాలు విప్పి దింపివేయవలెను. దిగిన ఇంజనాయిలు పాలవలె తెల్లగానున్నచో నీరు కలిసినదని అర్థము. గేరుపెట్టె నూనెనుగూడ అట్లే పరిశీలింపవలెను. తరువాత ఇంజెక్టరును విప్పి, ఆ రంధ్రము గుండ కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి కొద్దిగా పోసి, మూడు నాలుగు దినములు విడువవలెను. పిమ్మట ఫ్లైవీలును చేతితో పట్టి ముందునకొకింత, వెనుకకొకింత కదల్పవలెను. కదలనిచో మరల నూనె పోసి వేచియుండవలెను. సుత్తి జోలికి పోరాదు. ఈ వ్యాపకములో ఓర్పునకున్న విలువ పనిముట్లకు లేదు. వారమునకు కదలని పిస్టను పదునైదు దినములకు కదలిన సందర్భములు కలవు. చక్రము నిండుగా తిరిగిన పిమ్మట, ఇంజెక్టరు రంధ్రము తెరచియుండగనే పలుమార్లు త్రిప్పి, లోని ద్రవమంతయు వెలికి వెళ్లునట్లు చేయవలెను. అప్పుడు రంధ్రమునకు ఎదురుగా నిలువరాదు.

సముద్రమునకు చేరువనున్న గ్రామములలో ఉప్పుగాలి తగిలి నట్లు బిగిసిపోవును. వాటిపై నూనె వేసి రాత్రియంతయు ఉంచి మరునాడు విప్పుట మేలు. మంట చూపినచో నట్టు వదులగునను మాట నిజమే గాని, డీజిలు ట్యాంకు ప్రక్కన ఆ ప్రయోగము పనికిరాదు. విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలోనే గోనెపట్టాపై పేర్చుకొనవలెను. ఈ కాలమున అందరి చేతిలోను కెమెరాగల ఫోను ఉన్నది గనుక, విప్పుటకు ముందొక ఛాయాచిత్రము, విప్పిన పిదప ఒకటి తీసికొన్నచో బిగించునప్పుడు తగవులుండవు.

డీజిలు ట్యాంకు అడుగున నీరు, మడ్డి చేరియుండును. దానిని కడిగి, ఫిల్టరు క్రొత్తది వేసి, క్రొత్త డీజిలు పోసిన పిమ్మట గొట్టములలోని గాలిని తీసివేయవలెను. ఫిల్టరు మీదను, పంపు మీదను ఉండు చిన్న మరను వదులు చేసి, బుడగలు లేని డీజిలు కారువరకు ఉంచి బిగించుటయే గాలి తీయుట. దీనిని మరచి, ఇంజను చెడినదని మెకానిక్కును పిలిచి డబ్బు పోగొట్టుకొన్నవారు పెక్కురు. నాజిలు చిమ్మునది చూచుటకు దానిముందు చేయి పెట్టువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదము. ఆ ధార వేగమునకు డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటువంటి గాయమే కనబడినను లోపల కండ కుళ్లి వ్రేలు తీసివేయవలసి రావచ్చును. అట్లు జరిగినచో పసుపు అద్ది ఊరకుండక, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బెల్టులలో ఒకటి తెగినచో అన్నింటిని ఒక్కసారే మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి సాగినది అయినచో బరువంతయు క్రొత్తదానిపై పడి అది త్వరగా తెగును. గాస్కెట్లు, ఆయిలు సీళ్లు తీసినచోట మరల పాతవి పెట్టరాదు. దొరకని భాగములకు రాజమహేంద్రవరము, భీమవరము, అమలాపురము వంటి పట్టణములలో లేతు పనివారున్నారు. నమూనా చేతికిచ్చినచో బుష్షు, పిన్ను వంటివి చేసియిత్తురు. ఇది డెల్టాకున్న పెద్ద భాగ్యము. ఆ పనివారు కూడ వయసు మళ్లుచున్నారు. పాత ఇంజను శబ్దము విని జబ్బు చెప్పగల వారి వద్ద ఒక వేసవి కూర్చుండి నేర్చుకొనుట కుర్రవారికి సాధ్యమైన కాలము ఇంకను కొంత మిగిలియున్నది.

రంగు విషయమున నా అనుభవమొకటి చెప్పెదను. చిన్నతనమున మా ఇంటి నీటి ఇంజనుకు తొందరపడి తుప్పుమీదనే పచ్చరంగు పూసితిని. చూచినవారందరును మెచ్చుకొనిరి. వర్షాకాలము ముగియకమునుపే అది పెద్దల గుణదోష విచారణకు గురియగునట్లు పొరలు పొరలుగా ఊడినది. తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, కిరసనాయిలుతో తుడిచి, ఆరిన పిదప రెడ్ ఆక్సైడు పూసి, అటుపైన ఎనామిలు రంగు వేయవలెను. ఇంజను నెంబరు, తయారీ వివరములుగల రేకును మాత్రము రంగుతో కప్పరాదు. స్పేరు భాగము వెదకునప్పుడు ఆ రేకు తప్ప వేరాధారముండదు.

ఎంతవరకు క్రొత్తగా చేయవలెననునది రుచిని బట్టి యుండును. కోనసీమలో ఒక వృద్ధ రైతు తన టిల్లరును మెరుగుపెట్టించి, ఎడమ పిడిని మాత్రము వంగియున్నట్లే ఉంచినాడు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కొబ్బరిచెట్టు కూలి దానిపై పడినదట. సరిచేయించరాదా అని అడిగితిని.

"ఆ వంకర తుపానుదండి. తీయించేస్తే ఇది మా బండి కాదండి, ఆయ్" అని ఆయన సమాధానము. "అబ్బాయి పాత ఇనుముకి ఇచ్చేద్దామన్నాడండి. నీ చదువు ఫీజు ఇదే కట్టిందిరా అన్నాను. మరి మాటాడలేదండి."

ఆ కుమారుడే ఇప్పుడు దానికి భాగములు తెచ్చి ఇచ్చుచున్నాడని తరువాత తెలిసినది. నాకు వంగిన పిడియే ఆ యంత్రమంతటిలోను చూడదగినదిగా తోచినది. ధవళేశ్వరములోని కాటన్ మ్యూజియము ఆవరణలో ఆనకట్ట నాటి యంత్రసామగ్రిని చూచినవారికి ఇట్టి భావమే కలుగును.

యంత్రము సిద్ధమైన పిదప నడుపుటలోనే అసలు జాగ్రత్త కావలెను. హ్యాండిలు త్రిప్పునప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపుననే ఉంచవలెను. చుట్టి పట్టుకొన్నచో, ఇంజను వెనుకకు తన్నినప్పుడు బొటనవ్రేలు విరుగును. మూసిన షెడ్డులో నడుపరాదు. పొగ ప్రాణాంతకము. కత్తులకు చుట్టుకొన్న గడ్డిని, ఇంజను ఆపి, చప్పుడు పూర్తిగా అణగిన పిమ్మటనే తీయవలెను. చాలా టిల్లర్లలో వెనుక గేరు వేసినప్పుడు కత్తులు తిరుగకుండ ఏర్పాటుండును. పాత యంత్రములో అది అరిగియో, ఎవరో తీసివేసియో ఉండవచ్చును గనుక ముందుగా పరీక్షించుకొనవలెను. కత్తులు తిరుగుచుండగా వెనుకకు వచ్చు యంత్రము నడుపువాని కాళ్లమీదికే వచ్చును.

అన్నింటికంటె తెలియవలసినది గట్టు దిగు సంగతి. టిల్లరుకు ప్రతి పిడి క్రిందను ఒక క్లచ్చి ఉండును. చదును నేలపై కుడి క్లచ్చి నొక్కినచో కుడి చక్రమునకు ఇంజను పట్టు తప్పి అది వెనుకబడును, యంత్రము కుడికి తిరుగును. ఇది అందరెరిగినదే. కాని కాలువ గట్టు వాలున దిగునప్పుడు ఇంజనే రెండు చక్రములను వెనుకకు పట్టి నిలుపుచుండును. అప్పుడు కుడి క్లచ్చి నొక్కినచో కుడి చక్రము పట్టు వీడి, వాలునబడి వేగముగా దొర్లును. యంత్రము ఎడమకు తిరుగును! కుడికి తిరుగవలెనని తలచినవాడు కాలువలోనికి పోవుట ఇందువలననే. ఏళ్ల తరువాత టిల్లరు పట్టినవారు, క్రొత్తగా నేర్చు కుర్రవారు ఈ విషయము మరచుటకు అవకాశమెక్కువ. వాలున దిగునప్పుడు చిన్న గేరులో నెమ్మదిగా దింపవలెను, క్లచ్చులు నొక్కక పిడులను చేతిబలముతో త్రిప్పవలెను. నిటారు గట్టయినచో దారి చుట్టైనను చదునుగానున్న చోట దింపుటయే క్షేమము.

సార్వాకు కాలువ వదలు నాటికి యంత్రము తిరుగునట్లు పని ముగించుకొనుట మంచిది. మొదటిసారి అరగంట మాత్రము ఖాళీగా నడిపి, నూనె కారుచున్నదా, నీరు మరుగుచున్నదా చూచుకొనవలెను. ఆ తొలి గంటల నూనెలో లోపలి మడ్డి అంతయు దిగును గనుక దానిని త్వరగా మార్చవలెను. ఇనుప చక్రములతో తారురోడ్డు ఎక్కరాదు. రోడ్డుకును నష్టము, చక్రమునకును నష్టము.

మరల దాచునప్పుడు బురదనంతయు కడిగి ఆరనిచ్చి, రేడియేటరు లేక తొట్టిలోని నీరు దింపి, టైర్లు నేలతేమ తగులకుండ దిమ్మెలపై ఎత్తవలెను. కత్తులకు, ఇనుప చక్రములకు పాత నూనె పూయవలెను. చివరకు ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పుచు, ఎచ్చట గట్టిగా ఎదురుతన్నునో అచ్చట ఆపవలెను. అప్పుడు గాలి లోనికి వచ్చు వాల్వు, పొగ పోవు వాల్వు రెండును మూసియుండును. వానకాలపు తేమగాలి సిలిండరులోనికి పోదు. మరు వేసవిలో పిస్టను అంటుకొనియుండదు.